మణికట్టు దాకా

ముందే చెప్పేస్తున్నాను, ఆ రూలు కావాలని గొంతు చించుకున్నది నేనే. మైకు లాక్కుని మరీ అడిగాను. అందుకే ఎవరినో నాలుగు తిట్టి కడుపుమంట చల్లార్చుకునే దారి కూడా నాకు లేకుండా పోయింది.

నా పేరు వెంకటరావమ్మ. వినుకొండ దగ్గర ఒక పల్లెటూరి హైస్కూల్లో పీఈటీని. ఇరవై రెండేళ్ళ సర్వీసు. నేను గేటు దగ్గర కనపడితే పిల్లలు చొక్కాలు సర్దుకుంటారు, హెడ్మాస్టర్లు మాటలు సర్దుకుంటారు. మా ఆయన మిరప, పత్తి వేస్తాడు. గట్టు దగ్గరో కాలవ నీళ్ళ దగ్గరో తగాదా వస్తే తను ఇంట్లో కూర్చుని నన్ను పంపిస్తాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలన్నారు. ఆ పెద్దలు మా ఊళ్ళో ఒక్క సీజను వ్యవసాయం చేసి ఉంటే ఆ మాట అనేవాళ్ళు కాదు.

ఎనిమిదేళ్ళ కిందట గుల్షన్ మా స్కూల్లో ఆరో తరగతిలో చేరింది. నా పీరియడ్లో రోజూ గోడ పక్కన కూర్చునేది, కుడి చెయ్యి చున్నీలో చుట్టుకుని. "ఏమే, నీకు రోజూ జ్వరమేనా?" అని గదిమాను. చున్నీ తీసి చూపించింది. ఐదు వేళ్ళూ లేవు. అరచెయ్యి ఒక్కటే మిగిలింది, పైన వేరే రంగు చర్మం అతికించి ఉంది. నా నోరు మూతపడింది. అలా మూతపడటం నా సర్వీసులో అదే మొదటిసారి.

వాళ్ళ నాన్న గౌస్ బాషా వినుకొండ బస్టాండు దగ్గర చెరుకు రసం బండి నడిపేవాడు. ఎండాకాలం సెలవుల్లో పిల్ల సాయానికి వచ్చి మిషన్లో గడ పెడుతూ ఎవరో పిలిస్తే తల తిప్పింది. ఆ ఒక్క తిప్పులో చెయ్యి రోలర్ల మధ్యకు పోయింది. గౌస్ బాషా ఆ బండి మళ్ళీ ముట్టుకోలేదు. ఇప్పుడు కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, మోస్తున్నాడు.

నా దగ్గరకు మొదటిసారి వచ్చినప్పుడు అతనే చెప్పాడు. "గుంటూరులో పెద్ద డాక్టరుగారు మణికట్టు దగ్గర తీసేస్తే పది రోజుల్లో ఇంటికి పోవచ్చన్నాడు మేడంగారూ. నేను ఆయన కాళ్ళమీద పడ్డా. ఎంత మిగిల్తే అంత మిగల్చండయ్యా అన్నా. మూడు ఆపరేషన్లు చేసి, తొడ చర్మం తెచ్చి అతికించి, నిలబెట్టాడు." ఆ తర్వాత కూతురి వైపు తిరిగి, "ఊపమ్మా, మేడంగారికి చూపించు" అన్నాడు. పిల్ల మణికట్టు పైకీ కిందికీ ఆడించింది. అతను దాన్ని అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. ఎప్పుడు వచ్చినా ఇదే తంతు. ఆ మణికట్టు అతను గెలిచి తెచ్చుకున్న ఆస్తి.

నేనేం చేశాను? బీరువాలోంచి షాట్‌పుట్ ఇనపగుండు తీసి ఆ పిల్ల ఎడమచేతిలో పెట్టాను.

"నాకు రాదు మేడం" అంది.

"నా గ్రౌండులో రాదన్నవాళ్ళు రెండు రౌండ్లు కొట్టాలి. పో."

నోరెత్తకుండా రెండు రౌండ్లూ కొట్టి వచ్చి గుండు ఎత్తుకుంది. మొదటి విసురు నా కాలి మీద పడింది. బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోయింది. కొత్త గోరు వచ్చేలోపు గుల్షన్ నాలుగు మీటర్లు దాటించింది.

ఆ పిల్లను చూసి వీరాంజనేయులు వచ్చాడు. వాడిది మా బజారే, ట్రాక్టరు కింద పడి మోకాలి కింద కాలు పోయింది. వాడిని చూసి, పుట్టుకతోనే చూపు లేని హారికను వాళ్ళమ్మ తీసుకొచ్చింది. ముగ్గురితో ఆదివారం ఆదివారం ప్రాక్టీసు మొదలైంది. ఊళ్ళో నవ్వారు. "ఏందమ్మో, గుడ్డీ కుంటీ వాళ్ళతో ఒలింపిక్స్ పెడుతున్నావా?" అన్నాడొకడు. వాడి పొలానికి మా చేలోంచే దారి. నెల రోజులు ఆ దారికి ముళ్ళకంప వేయించాను. ఆపైన ఆ మాట ఎవరూ అనలేదు, కనీసం నాకు వినపడేటట్టు.

ముగ్గురు పదకొండు మంది అయ్యారు, పదకొండు ముప్ఫై. నరసరావుపేట నుంచి, దర్శి నుంచి, అద్దంకి నుంచి ఆదివారం పొద్దున్నే ఆటోల్లో వచ్చేవాళ్ళు. దాచిపెట్టుకున్న పిల్లల్ని తల్లులు బయటికి తీశారు. కూర్చుని విసిరేవాళ్ళకు కుర్చీ కావాలంటే వినుకొండలో వెల్డింగు షాపువాడు పాత ట్రాక్టరు సీటు ఒకటి ఇనపరాడ్ల మీద బిగించి ఇచ్చాడు. ఫిబ్రవరి వస్తే సగం గ్రౌండులో రైతులు మిరపకాయలు ఎండబోసేవాళ్ళు. ఏడాదికో యుద్ధం చేసి మిగతా సగం దక్కించుకునేదాన్ని. పిల్లలు దగ్గుతూ పరిగెత్తేవాళ్ళు, తుమ్ముతూ విసిరేవాళ్ళు. కిందటేడాదికి డెబ్భై ఒక్కమంది. మూడు జిల్లాల్లో ఇంతమంది ఇంకెక్కడా లేరు. గర్వం వచ్చిందా అంటే వచ్చింది, ఎందుకు రాదు?

ఇక నా నిర్వాకం వినండి.

కిందటేడు ఒంగోలులో వికలాంగుల ఓపెన్ మీట్ జరిగింది. ఓపెన్ అంటే ఎవరికి ఏ లోపమున్నా అందరికీ ఒకటే పరుగు. ఎవడో ఒక మొనగాడు వచ్చాడు, ఎద్దులాగా ఉన్నాడు. లోపమేంటయ్యా అంటే చిటికెన వేలు వంగదట. వాడు కర్రకాలుతో పరిగెత్తే మా వీరాంజనేయుల్ని దాటుకుపోయి మెడల్ వేయించుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. స్టేజీ ఎక్కి మైకు లాక్కున్నాను. "ఎవరికి ఎంత లోపముందో కొలవండి. కొలిచి విడదీయండి. వేలు వంగనివాడూ కాలు లేనివాడూ ఒకటేనా?" అన్నాను. మీట్ రెండు గంటలు ఆగిపోయింది. అక్కడితో ఊరుకున్నానా? రాష్ట్ర క్రీడా సంఘానికి అర్జీల మీద అర్జీలు పెట్టాను. నా చేతిరాత కోడి గెలికినట్టుంటుంది. గుల్షన్‌ది ఎడమచేతి రాతే అయినా ముచ్చటగా ఉంటుంది. అందుకని నేను చెబుతూ ఉంటే ఆ అర్జీలన్నీ ఆ పిల్లే రాసింది.

ఏడాది తిరిగేసరికి ఉత్తరం వచ్చింది. ఇంతమంది క్రీడాకారులున్నారు కాబట్టి ఈసారి సెలెక్షన్లకు ముందు గుంటూరులోనే వైద్య పరీక్ష పెడతామన్నారు. ఎవరు ఏ తరగతి కిందికి వస్తారో కొలిచి తేలుస్తారట. వీరాంజనేయులు నా కాళ్ళకు దండం పెట్టాడు. హెడ్మాస్టరు స్వీట్లు పంచాడు.

గుల్షన్‌కు ఈ సెలెక్షన్లు ఎంత ముఖ్యమో చెప్పాలి. ఇంటరు అయిపోయింది. రాష్ట్ర జట్టులో పేరు వస్తే విశాఖపట్నంలో ఒక కాలేజీవాళ్ళు సీటూ, హాస్టలూ ఇస్తామన్నారు. రాకపోతే ఇల్లే. వాళ్ళమ్మ నసీమున్నీసా కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకు తొడిమలు తీస్తుంది. ఆ పనికి రెండు చేతులూ చకచకా ఆడాలి. గుల్షన్ సెలవుల్లో వెళ్ళి కూర్చుంటే మేస్త్రీ లేపి పంపేశాడు. గ్రౌండులో మాత్రం ఆ పిల్ల గుండు ఎనిమిదిన్నర మీటర్లు పోతుంది. తన తర్వాతి అమ్మాయిది ఆరున్నర. పేరు రాదేమోనన్న అనుమానం మాలో ఎవరికీ లేదు.

డిసెంబరులో డెబ్భై ఒక్కమందినీ మూడు వ్యాన్లలో గుంటూరు తీసుకెళ్ళాను. స్టేడియంలో ఒక గది, అందులో ఒక మంచం, బల్ల, ఇద్దరు మనుషులు. ఒకావిడ ఫిజియోథెరపిస్టు, మా అమ్మాయి వయసుంటుంది. ఇంకొకాయన టెక్నికల్ ఆఫీసరు. ఒక్కొక్కరితో కోచ్ మాత్రమే లోపలికి వెళ్ళాలి. గౌస్ బాషా బయట చెప్పుల దగ్గర నిలబడ్డాడు.

"పేరేంటమ్మా?"

"షేక్ గుల్షన్ అండి."

ఆవిడ గుల్షన్ చెయ్యి అందుకుని ప్లాస్టిక్ కొలబద్ద పెట్టింది. "పైకి వంచు. కిందికి. పక్కకి." గుల్షన్‌కు చిన్నప్పటినుంచీ అలవాటైన పనే కదా, అడిగిన దానికంటే ఎక్కువే ఆడించి చూపించింది. "చాలా బాగా చేశారండీ సర్జరీ, జాయింటు మొత్తం నిలబెట్టారు" అంది ఆవిడ. నేను పొంగిపోయి, "మూడు ఆపరేషన్లండి" అన్నాను.

ఆవిడ పక్కాయన వైపు చూసింది. ఆయన పుస్తకంలో ఒక పేజీ తిప్పి మళ్ళీ ఆవిడ వైపు చూశాడు.

"మేడం, ఈ అమ్మాయి ఏ తరగతిలోకీ రాదండి" అన్నాడు.

"రాకపోవడమేంటి?"

"చెయ్యి పోయినవాళ్ళ కింద రావాలంటే మణికట్టు కీలు దగ్గరగానీ ఆ పైన గానీ పోయుండాలి. వేళ్ళు ఎన్ని పోయినా లెక్కలోకి రావు."

"ఐదు వేళ్ళూ లేవు కదయ్యా. గ్లాసు పట్టుకోలేదు, జడ వేసుకోలేదు. గవర్నమెంటు సర్టిఫికెట్ ఉంది, పింఛను వస్తోంది, బస్సు పాసుంది."

"అవన్నీ నిజమేనండి. అది వేరు, ఇది వేరు." పుస్తకం నా వైపు తిప్పాడు. చెయ్యి బొమ్మ, మణికట్టు దగ్గర అడ్డంగా గీత. "ఎవరికి ఎంత లోపముందో కొలవమని మీరే కదండీ అర్జీలు పెట్టింది. మీ అర్జీలు నేను చదివాను. చాలా బాగా రాశారు."

ఆయన వెటకారానికి అనలేదు. అదే నా ఖర్మ. ఒక్క మాట తూలి ఉంటే ఆ బల్ల తిరగేసేదాన్ని. ఆ ఫిజియోథెరపిస్టు అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. "ఒక్క రెండంగుళాలు పైకి పోయుంటే ఏ ఇబ్బందీ ఉండేది కాదు మేడం" అనేసి, అన్నందుకు తనే పెదవి కొరుక్కుంది. గుల్షన్ చున్నీ సర్దుకుని, "థాంక్యూ అండి" అని లేచింది.

బయటకు రాగానే గౌస్ బాషా ఎదురొచ్చాడు. "అయిపోయిందా మేడంగారూ? చూపించిందా? ఆడుతుందని చూపించిందా?"

"చూపించింది" అన్నాను.

"మణికట్టు ఉందని తీసేశారు నాన్నా" అంది గుల్షన్.

అతనికి అర్థం కాలేదు. "ఉంటే తీసెయ్యడమేంటి మేడంగారూ?" అని నన్నడిగాడు. మూడుసార్లు చెప్పాను. మూడోసారి, "అంటే ఆ రోజు డాక్టరుగారు చెప్పినట్టు నేను విని ఉంటే..." అని ఆగిపోయాడు. వ్యాన్లో మిగతా పిల్లలు పాటలు పాడుతున్నారు. వీరాంజనేయులికి తరగతి వచ్చింది, హారికకు వచ్చింది. యాభై ఎనిమిది మందికి వచ్చింది. నోరు మూసుకోండ్రా అని ఏ మొహం పెట్టుకుని అనేది? వాళ్ళ సంతోషం వాళ్ళది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, ఆ ఊడిన నాలుక నాదైనా బాగుండేది.

తర్వాత నేను చెయ్యని పని లేదు. ఫోన్లు చేశాను. విజయవాడ వెళ్ళి సంఘం ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాను. ఈసారి అర్జీలు నా కోడిగెలుకుడు రాతతోనే రాశాను, ఆ పిల్లను ఎలా రాయమంటాను? అందరూ మర్యాదగానే కూర్చోబెట్టి టీ ఇచ్చారు. మా చేతుల్లో లేదండి, ఈ రూలు ప్రపంచమంతా ఇదే అన్నారు. మామూలు పోటీలకు పంపుకోండి, ఎవరూ అడ్డురారు అన్నారు. మామూలు పోటీల్లో రెండు చేతులున్న ఆడపిల్లలు పన్నెండు మీటర్లు వేస్తున్నారు. వాళ్ళ దగ్గర ఈ పిల్ల వికలాంగురాలు, వీళ్ళ దగ్గర కాదు.

జనవరిలో సెలెక్షన్లు జరిగాయి. నువ్వు రావొద్దులే అన్నాను. "వస్తాను మేడం, సాయానికి మనిషి కావాలి కదా" అని వచ్చింది. కందుకూరు అమ్మాయి ఆరు మీటర్ల నలభై వేసి మొదట వచ్చింది. మంచి పిల్ల, మోచేతి నుంచి చెయ్యి లేదు. ఆ విసురు కొలిచేటప్పుడు టేపు కొసను అరచేత్తో నేలకు అదిమి పట్టుకున్నది గుల్షన్. అటు చూడలేక నేను నీళ్ళ డ్రమ్ము దగ్గరకు పోయాను.

అదే నెలలో నాకు సన్మానం. స్కూలు గేటుకి పెద్ద ఫ్లెక్సీ కట్టారు, మూడు నుంచి డెబ్భై ఒకటి దాకా మేడంగారి కృషి అని. ఫ్లెక్సీ మీద గుండు విసురుతున్న గుల్షన్ ఫొటో. తీసేయమన్నాను. "మంచి ఫొటో మేడం, అంత బాగా వచ్చింది ఇంకొకటి లేదు" అన్నాడు హెడ్మాస్టరు. శాలువా కప్పించుకుని కూర్చున్నాను. ఏం మాట్లాడానో గుర్తులేదు. చప్పట్లు మాత్రం కొట్టారు.

మొన్న ఆదివారం ప్రాక్టీసు అయిపోయింది. ఆటోలన్నీ వెళ్ళిపోయాయి. సగం గ్రౌండులో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. నేను గుండ్లు లెక్కపెట్టి సంచిలో వేస్తుంటే గౌస్ బాషా వచ్చాడు. మిర్చి ఘాటుకు కళ్ళు ఎర్రబడి ఉన్నాయి, లేకపోతే ఏడ్చాడో. గుల్షన్ గేటు దగ్గరే నిలబడింది.

"మేడంగారూ, ఒక మాట అడగాలి. కోప్పడకూడదు."

"అడుగయ్యా."

"ఆ రూలులో... యాక్సిడెంటప్పుడే పోయి ఉండాలని ఉందా అండి? తర్వాత ఎప్పుడైనా పోయినా పర్లేదా?"

నాకు అర్థం కాలేదు. అతను తన కుడిచేతి మణికట్టు మీద ఎడమచేతి వేలితో గీత గీసి చూపించాడు. "ఇక్కడికి. డాక్టరుగారు తీస్తే. పది రోజుల్లో మానుతుందని అప్పుడే చెప్పారుగా. వచ్చే ఏడు సెలెక్షన్లకి టైముంటుంది."

నిజం చెప్పాలి. అతన్ని చెంప మీద కొట్టాల్సింది. మతి పోయిందా అని ఊరు వినేటట్టు అరవాల్సింది. అరవలేదు. నేను ఆ పేజీ గుర్తు చేసుకున్నాను. ఎప్పుడు పోయిందన్న మాట అందులో ఎక్కడైనా ఉందా అని మనసులో పైనుంచి కిందిదాకా చదువుకున్నాను. ఎంతసేపు చదివానో తెలియదు. అతను నా మొహంలోకే చూస్తున్నాడు. లేదని నాకు గుర్తొచ్చింది. అప్పుడు నా మీద నాకే అసహ్యం పుట్టింది.

"ఒప్పుకోరు" అన్నాను. "కావాలని తీయించుకుంటే అసలు ఒప్పుకోరు. అది రూలు."

గౌస్ బాషా రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి తల ఎత్తాడు, మొహం తేటపడింది. "బతికించారు మేడంగారూ. నెల నుంచీ ఈ పిల్ల అడుగు అడుగు అని నన్ను తినేస్తోంది. ఆ రోజు కాళ్ళు పట్టుకుని నిలబెట్టించినవాణ్ణి నేను, ఇప్పుడు నేనే వెళ్ళి తియ్యండయ్యా అని ఎట్లా అడిగేది?" గేటు వైపు తిరిగి, "ఒప్పుకోరంటమ్మా. అది రూలంట" అని కేకేశాడు.

గుల్షన్ నడిచి వచ్చింది. నా ముందు నిలబడింది. ఎనిమిదేళ్ళలో నాకు ఒక్కసారి కూడా ఎదురు చెప్పని పిల్ల.

"అలా లేదు మేడం. ఫోన్లో మొత్తం చదివాను. రెండుసార్లు చదివాను. ఎలా పోయిందని ఎక్కడా అడగలేదు. ఎక్కడిదాకా పోయిందనే అడిగారు."

"నీకు ఇంగ్లీషు సరిగ్గా అర్థమై ఉండదే."

"మీరూ చదివారు కదా మేడం."

గౌస్ బాషా నా వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. మళ్ళీ నా వైపు చూశాడు.

"నాన్న సంతకం అక్కర్లేదు మేడం. నాకు పద్దెనిమిది నిండాయి" అంది గుల్షన్. కోపంగా అనలేదు. ఆటో ఎన్నింటికి అని చెప్పినట్టు చెప్పింది.

నేను ఆ పిల్ల కుడి మణికట్టు పట్టుకున్నాను. రాదనకూడదు, ఆగకూడదు, ఎంతైనా ఓర్చుకోవాలని ఎనిమిదేళ్ళు నూరిపోసినదాన్ని, ఇప్పుడు వద్దనడానికి నా దగ్గర ఒక్క మాట లేదు. మెల్లగా విడిపించుకోవాలని చూసింది. నేను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. "నొప్పి మేడం" అంది. నేను వదల్లేదు. కానీ ఎంతసేపని పట్టుకుంటాను? కాసేపటికి ఎవరో రైతు మిరపకాయలు తిరగేయడానికి వచ్చి మమ్మల్ని పక్కకు జరగమన్నాడు.